లాగర్ ‘36’ అంటోంది, మళ్లీ అడిగితే ‘0’ అంటోంది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే రోగం గురించి. డేటా లాగర్లు, స్కానర్లు, మీటర్లు కంప్యూటర్‌కి తగిలించి రీడింగులు తీసుకుంటున్నారు, అంకెలు వస్తున్నంతసేపు ‘నువ్వెట్లున్నవ్’ అని ఆ పరికరాన్ని ఎవరూ అడగరు, తేడా బయటపడ్డాక మాత్రం ఇది ఎప్పట్నుంచి ఇలా ఉందో తెలియక తల పట్టుకుంటున్నారు. చదివే ముందు ఒక్క విషయం. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టండి. నక్షత్రం, ప్రశ్న గుర్తు, రెండు చుక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ప్రశ్న: సార్, నేను జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో మెయింటెనెన్స్‌లో చేస్తున్న. స్టెబిలిటీ చాంబర్ల (మందులు ఎన్నాళ్లు నిలుస్తాయో చూసే గదులు) టెంపరేచర్, తేమ రాసుకునే పాత డేటా లాగర్ ఉంది, జీపీఐబీ (పాత పరికరాల కేబుల్ పోర్టు) నుంచి యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టి కంప్యూటర్‌కి కలిపినం. అప్పుడప్పుడు కుయ్ మని అరిచి ప్యానెల్ మీద ఎర్రర్ గుర్తు పడుతుంది. ఎవరో చెప్తే *ఈఎస్ఆర్? పంపి చూసిన, 36 వచ్చింది. ఇంకోసారి పంపితే 0. ఏది నమ్మాలి? మా సీనియర్ ‘0 వచ్చింది కదా, వదిలెయ్’ అంటున్నడు. (జడ్చర్ల నుంచి ఒక టెక్నీషియన్)

జవాబు: రెండూ నమ్మాలి. మీ సీనియర్ మాటను మాత్రం ఈ ఒక్కసారికి పక్కన పెట్టండి.

మీరు అడిగింది, జరిగినవాటిని పరికరం గుర్తుపెట్టుకునే చిన్న అరని, అంటే ఈఎస్ఆర్ అనే స్టాండర్డ్ ఈవెంట్ స్టేటస్ రిజిస్టర్‌ని. ఐఈఈఈ 488.2 అని 1987లో ఒక ప్రమాణం వచ్చింది, దాని మీద 1990లో ఎస్‌సీపీఐ అనే కమాండ్ల భాషను కట్టారు, వాడుకలో అందరూ ‘స్కిపీ’ అంటారు. ఈ రెండూ పాటించే పరికరం ఏ కంపెనీదైనా ఈ రిజిస్టర్ ఒకే పద్ధతిలో ఉంటుంది. ఎనిమిది బిట్లు (అవును–కాదు గుర్తులు), ఒక్కోదానికి ఒక్కో విలువ. 1 వస్తే చెప్పిన పని పూర్తయిందని (అదీ మీరు ముందు *ఓపీసీ పంపి ఉంటేనే), 4 వస్తే ప్రశ్న అడగడంలోనో జవాబు తీసుకోవడంలోనో తేడా జరిగిందని, 8 వస్తే పరికరం లోపలే ఏదో సమస్య అని, 16 వస్తే కమాండ్ అర్థమైంది గానీ అమలు చేయడం కుదరలేదని, 32 వస్తే కమాండే అర్థం కాలేదని, 128 వస్తే కరెంటు పోయి వచ్చిందని. మిగిలిన 2, 64 మీ పనిలో దాదాపు ఎప్పుడూ కనబడవు. వచ్చిన అంకెను ఈ విలువలుగా విడగొట్టుకోవాలి, ఏ అంకె అయినా ఒకే ఒక్క రకంగా విడిపోతుంది కాబట్టి తికమక ఉండదు. మీ 36 అంటే 32, 4.

ఇప్పుడు కథ తెలిసిపోతోంది. పరికరానికి అర్థం కాని ప్రశ్న ఒకటి వెళ్లింది. అర్థం కాలేదు కాబట్టి జవాబు తయారు కాలేదు, అయినా మీ ప్రోగ్రామ్ జవాబు చదవడానికి పోయింది, అక్కడ ఏమీ లేదు. మొదటిదానికి 32, రెండోదానికి 4. ఈ జంట చాలా మామూలుగా కనబడేదే, పది మందిలో తొమ్మిది మంది దగ్గర దీనికి కారణం కమాండ్ స్పెల్లింగే. అయితే మీరు ‘అప్పుడప్పుడు’ అన్నారు చూడండి, అది అసలు ఆనవాలు. నిమిషానికోసారి నడిచే లూప్‌లో తప్పుంటే నిమిషానికోసారి అరిచేది. అంటే తప్పు ఎప్పుడో గాని నడవని ముక్కలో ఉంది: అలారం ఓకే చేసినప్పుడు, షిఫ్ట్ రిపోర్ట్ తీసినప్పుడు, చాంబర్ మార్చినప్పుడు. ముందు అక్కడ వెతకండి.

మరి రెండోసారి 0 ఎందుకు? ఈవెంట్ రిజిస్టర్ జరిగినదాన్ని పట్టి ఉంచుతుంది, ఎవరైనా చదివేదాకా వదలదు, చదవగానే తుడిచేసుకుంటుంది. కాబట్టి ఆ 0కి ‘అంతా బాగుంది’ అని అర్థం కాదు, ‘నువ్వు పోయినసారి అడిగినప్పటి నుంచి కొత్తగా ఏమీ కాలేదు’ అని మాత్రమే.

ఏ రకం తప్పో రిజిస్టర్ చెప్తుంది, ఏ తప్పో తెలియాలంటే ఎర్రర్ క్యూని అడగాలి. సిస్టమ్:ఎర్రర్? అని పంపండి. ఒక అంకె, దాని పక్కన ఒక వాక్యం వస్తాయి. మీ విషయంలో మొదట -113 వస్తుంది, కమాండ్ పేరు గుర్తుపట్టలేదని, తర్వాత -420, ప్రశ్న లేకుండానే జవాబు అడిగారని. ఇది రేషన్ షాపు లైను లాంటిది, ముందు వచ్చినవాళ్లు ముందు బయటికి, ఒక్కసారి అడిగితే ఒక్కరే. చాలామంది ఒకసారి అడిగి ఊరుకుంటారు, వాళ్లకు దొరికేది ఏనాటిదో పాత తప్పు, దాన్ని పట్టుకుని ఇవాళ్టి సమస్యకు కారణం వెతుకుతారు. 0, ‘నో ఎర్రర్’ వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడగాలి. అంకెల్లో ఒక క్రమం ఉంది: -100 వరుసలో ఉన్నవి కమాండ్ రాతలో తప్పులు, -200 వరుసవి అమలులో తప్పులు (ఉదాహరణకు -222 అంటే మీరిచ్చిన విలువ హద్దు దాటింది), -300 వరుసవి పరికరం సొంతవి, -400 వరుసవి ప్రశ్న–జవాబు తప్పులు. ప్లస్ అంకె వస్తే అది ఆ కంపెనీ సొంతంగా పెట్టుకున్నది, మాన్యువల్ తీయక తప్పదు.

క్యూకి హద్దు ఉంటుంది. కీసైట్ 34970ఏ లాగర్‌లో 10 ఎర్రర్లు పడతాయి, 34401ఏ మల్టీమీటర్‌లో 20. నిండిపోతే చివరి ఎర్రర్ స్థానంలో -350, అంటే క్యూ పొంగిపోయిందన్న మాట వచ్చి కూర్చుంటుంది, మీరు ఖాళీ చేసేదాకా కొత్తవి ఎక్కవు. అందుకని -350 కనబడితే ఆ తర్వాత ఏం జరిగిందో మీకు ఇక తెలియదన్నమాట. రిజిస్టర్ చదివితే క్యూ తుడిచిపోదు, క్యూ చదివితే రిజిస్టర్ తుడిచిపోదు, రెండూ వేరువేరు. మీ దగ్గర చాంబర్లు 25 డిగ్రీలు–60 శాతం తేమ, 40 డిగ్రీలు–75 శాతం తేమ లాంటి షరతుల మీద నెలల తరబడి నడుస్తాయి, ఆ రికార్డు మీద రేపు ఆడిటర్ కూర్చుంటాడు. చదివిన ప్రతి ఎర్రర్‌నీ తేదీ, టైముతో లాగ్ ఫైల్‌లోకి రాయించండి. పరికరం తుడిచేసుకున్నా మీ దగ్గర మిగలాలి.

ప్రశ్న: మాది మిర్యాలగూడ, మా మామగారి రైస్ మిల్లు. వడ్ల డ్రయర్‌లో ఎనిమిది చోట్ల టెంపరేచర్ సెన్సార్లు పెట్టి నిమిషానికో రీడింగు తీసుకుంటున్నం. ఒక ఛానల్‌లో అకస్మాత్తుగా 9.9ఇ+37 అని వచ్చింది, ఎక్సెల్‌లో ఆ రోజు సగటు అంతా పిచ్చిపిచ్చిగా అయింది. సిస్టమ్:ఎర్రర్? అడిగితే ‘నో ఎర్రర్’ అంటోంది. ఇంతకన్నా పెద్ద ఎర్రర్ ఏముంటది సార్?

జవాబు: మీ కోపం న్యాయమే గానీ పరికరం లెక్కలో అది ఎర్రర్ కాదు. మీరు సరైన కమాండే ఇచ్చారు, అది సరిగ్గానే కొలిచింది, కొలిచింది దాని రేంజ్ దాటిపోయింది. అలాంటప్పుడు చెప్పడానికి పెట్టుకున్న గుర్తే 9.9ఇ37, స్కిపీలో అనంతానికి ఇదే గుర్తు (99 పక్కన 36 సున్నాలు అన్నమాట). దాని పక్కనే 9.91ఇ37 అని ఇంకోటి ఉంది, అది ‘ఇది అసలు అంకే కాదు’ అని చెప్పడానికి. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, చూసి చదవండి. రోజుకు 1440 రీడింగుల్లో ఇలాంటిది ఒక్కటి పడితే చాలు, సగటు 6.875ఇ34 అవుతుంది. ఎక్సెల్ తప్పేమీ లేదు, పాపం అది కూడింది, భాగించింది.

ఇలాంటివాటికి ఎర్రర్ క్యూ కాకుండా ‘క్వశ్చనబుల్’ అనే వేరే రిజిస్టర్ల గుంపు ఉంటుంది, రీడింగు వచ్చింది గానీ దాని మీద అనుమానం ఉంది అని చెప్పడానికి. అందులో మూడు అరలు ఉంటాయని గుర్తుంచుకోండి. కండిషన్ రిజిస్టర్ ఈ క్షణం పరిస్థితి చెప్తుంది, చదివినా తుడిచిపోదు, పరిస్థితి మారితే అదే మారుతుంది. ఈవెంట్ రిజిస్టర్ పైన చెప్పినట్టు పట్టి ఉంచుతుంది. మూడోది ఎనేబుల్ రిజిస్టర్, ఏ బిట్లను పైకి చేరవేయాలో మీరే రాసిపెట్టే జల్లెడ. ఓవర్‌లోడ్ రాత్రి రెండింటికి వచ్చి నిమిషంలో పోయిందనుకోండి, పొద్దున కండిషన్‌ని అడిగితే ఏమీ లేదంటుంది, ఈవెంట్‌ని అడిగితే జరిగిందని చెప్తుంది. స్టేటస్:క్వశ్చనబుల్:ఈవెంట్? అని అడగాలి. ఏ బిట్ దేనికో పరికరాన్ని బట్టి మారుతుంది, స్కిపీ మామూలు పట్టికలో 0వ బిట్ వోల్టేజీకి, 1వది కరెంటుకి, 4వది ఉష్ణోగ్రతకి, కానీ తయారీదారులు తమ ఇష్టం వచ్చినట్టు కలిపినవి చాలా ఉన్నాయి.

ఇక మీ సెన్సార్ సంగతి. పీటీ100 (వేడిని బట్టి నిరోధం మారే సెన్సార్) పెట్టి ఉంటే, అది 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర సుమారు 138.5 ఓములు ఉండాలి. వైరు తెగితే నిరోధం ఆకాశానికి పోతుంది, లాగర్ ఓవర్‌లోడ్ అంటుంది, మీకు 9.9ఇ37 వస్తుంది. మీది ఇదే అని నా అనుమానం, డ్రయర్ అదురుడుకి టెర్మినల్ దగ్గర స్క్రూ వదులైపోయి ఉంటుంది, ఊకదుమ్ము కూడా తోడై ఉంటుంది. కరెంటు ఆపి బిగించి చూడండి.

థర్మోకపుల్ (వేడిని బట్టి చిన్న వోల్టేజీ ఇచ్చే వైర్ల జంట) అయితే ఇంకా జాగ్రత్త. కె రకం డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులే ఇస్తుంది. వైరు తెగితే లాగర్ ఇన్‌పుట్ గాలిలో తేలుతుంది, తేలుతూ తేలుతూ నమ్మదగిన అంకెనే చూపించవచ్చు, 52 డిగ్రీలో 47 డిగ్రీలో. ఏ రిజిస్టర్‌లోనూ ఏ బిట్టూ లేవదు. నా దృష్టిలో 9.9ఇ37 కన్నా ఇదే ప్రమాదం, పెద్ద అంకె కనీసం కళ్లలో పడుతుంది. తెగిన థర్మోకపుల్‌ని పట్టుకునే చెక్ చాలా లాగర్లలో ఉంటుంది, కాకపోతే మామూలుగా ఆపి ఉంటుంది, ఎందుకంటే స్కాన్ కొంచెం నెమ్మదిస్తుంది. నిమిషానికో రీడింగుకి ఆ నెమ్మది ఏమాత్రం లెక్కలోకి రాదు. ఆన్ చేసుకోండి. ఎక్సెల్‌కి పంపేముందు 9ఇ37 దాటిన ప్రతిదాన్నీ ఖాళీ గడిగా మార్చి, పక్క గడిలో ‘ఓవర్‌లోడ్’ అని రాయించండి.

ప్రశ్న: *సీఎల్ఎస్, *ఆర్ఎస్‌టీ రెండూ ఒకటేనా? మా ల్యాబ్‌లో ఏ ఎర్రర్ వచ్చినా *ఆర్ఎస్‌టీ కొడతాం. (పాలమూరు నుంచి ఒక డిగ్రీ కాలేజీ ల్యాబ్ అసిస్టెంట్)

జవాబు: కాదు. *సీఎల్ఎస్ ఈవెంట్ రిజిస్టర్లను, ఎర్రర్ క్యూని తుడుస్తుంది, మీ సెట్టింగుల జోలికి పోదు. *ఆర్ఎస్‌టీ సెట్టింగులన్నీ మొదటికి తెస్తుంది, ఎర్రర్ క్యూ జోలికి పోదు. అంటే మీరు ఇన్నాళ్లూ ఛానళ్ల ఏర్పాటు పోగొట్టుకుంటూ, ఎర్రర్‌ని మాత్రం భద్రంగా అట్టే ఉంచుతున్నారు.

ప్రశ్న: అన్నా, నేను దేవరకొండ వైపు ఒక బోరు దగ్గర నీటిమట్టం, సోలార్ పంపు కరెంటు లాగ్ చేసే ప్రాజెక్టు చేస్తున్న, బీటెక్ చివరి సంవత్సరం. కంప్యూటర్ ఇన్వర్టర్ మీద ఉంది, లాగర్ మాత్రం మామూలు లైను మీద. కరెంటు ఎప్పుడు పోయిందో లాగర్‌నే అడిగి తెలుసుకోవచ్చా? స్టేటస్ బైట్‌ని *ఎస్‌టీబీ? తో అడుగుతున్న, ఎప్పుడు చూసినా 0 వస్తోంది, కానీ డేటాలో మాత్రం సందులు ఉన్నయి.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ లాగర్ ప్లగ్ పీకి ఇన్వర్టర్‌కి పెట్టు. తర్వాత మాట్లాడుకుందాం.

పెట్టావా. ఇప్పుడు విను, నీ ప్రశ్నలో మంచి చిక్కుముడి ఉంది. కరెంటు పోయి వచ్చిందని చెప్పే 128 ఉండేది ఈఎస్ఆర్‌లో. స్టేటస్ బైట్ అనేది పై అంతస్తు, కింద రిజిస్టర్లలో ఏదైనా జరిగితే దాని సారాంశం ఒక్క బిట్‌గా అక్కడికి చేరుతుంది. ఈఎస్ఆర్ సారాంశం అందులో 32, క్వశ్చనబుల్ సారాంశం 8, జవాబు తయారుగా ఉంటే 16, సర్వీస్ కావాలంటే, అంటే ‘నన్ను చూడు’ అని కంప్యూటర్‌ని పిలిస్తే 64, ఆపరేషన్ గుంపుది 128. స్టేటస్ బైట్‌లోని 128కీ ఈఎస్ఆర్‌లోని 128కీ ఏ సంబంధమూ లేదు, ఈ రెంటినీ కలిపేసుకున్న ప్రోగ్రాములు చాలా కనబడతాయి. కొత్త పరికరాల్లో 4 అంటే ఎర్రర్ క్యూలో ఏదో ఉందని, పాతవాటిలో కొన్నింటికి ఆ బిట్ ఉండదు.

అయితే ఈఎస్ఆర్‌లో ఏది జరిగినా అది పైకి చేరాలంటే జల్లెడలో ఆ బిట్‌కి దారి ఉండాలి. ఆ జల్లెడ *ఈఎస్ఈ. నువ్వది పెట్టకపోతే దాని విలువ 0, అంటే కింద కొంపలు అంటుకున్నా పైన 0 వస్తుంది. 4, 8, 16, 32, 128 అన్నీ కావాలంటే కూడు, 188. *ఈఎస్ఈ 188 అని పంపితే ఇక వీటిలో ఏది జరిగినా స్టేటస్ బైట్‌లో 32 వెలుగుతుంది.

అసలు మెలిక ఇప్పుడొస్తుంది. చాలా పరికరాలు కరెంటు వచ్చి లేవగానే ఈ జల్లెడను మళ్లీ 0 చేసుకుంటాయి. అంటే నువ్వు 188 పెట్టినా, కరెంటు పోయి వచ్చాక ఆ 188 ఉండదు, ఈఎస్ఆర్‌లో 128 లేచి కూర్చున్నా పైకి చేరదు, నువ్వు *ఎస్‌టీబీ? అని అడుగుతూనే ఉంటావు, అది 0 అని చెప్తూనే ఉంటుంది. ఏ సంఘటన తెలుసుకోవాలని జల్లెడ పెట్టావో ఆ సంఘటనే జల్లెడను ఎత్తుకుపోయింది. దీనికి రెండు దారులు. పరికరంలో *పీఎస్‌సీ ఉంటే *పీఎస్‌సీ 0 పంపు, అప్పుడు లేచేటప్పుడు జల్లెడను తుడవకుండా ఉంచుకుంటుంది, *ఎస్ఆర్ఈ 32 కూడా పెట్టి ఉంటే కరెంటు రాగానే తనంతట తానే సర్వీస్ అడుగుతుంది. లేదా ఇంకా తేలికగా, స్టేటస్ బైట్‌ని నమ్ముకోకుండా ప్రతి పది నిమిషాలకు నేరుగా *ఈఎస్ఆర్? అడుగు. నేనైతే రెండోదే చేస్తాను, నీ ప్రాజెక్టులో అంత హడావుడి లేదు.

ఇంకొకటి, కరెంటు పోతే ఎర్రర్ క్యూ కూడా పోతుంది. కాబట్టి 128 వచ్చిందంటే, అంతకుముందు క్యూలో ఏముండేదో ఇక దొరకదు. 128 కనబడగానే ప్రోగ్రామ్ చేయాల్సినవి: టైము రాసుకోవడం, లాగర్ గడియారం సరిచూడటం, ఛానళ్ల సెట్టింగులు తిరిగి పంపడం, జల్లెడ తిరిగి పెట్టడం. సెట్టింగులు పంపాక మళ్లీ *ఈఎస్ఆర్? అడిగి 0 వచ్చాకే స్కాన్ మొదలుపెట్టు.

ప్రశ్న: మా దగ్గర ఒకే లాగర్‌ని రెండు ప్రోగ్రాములు చదువుతాయి, ఒకటి పాత ల్యాబ్‌వ్యూ (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) ప్రోగ్రామ్, ఇంకోటి నేను పైథాన్‌లో రాసిన ఎర్రర్ చెకర్. ఎర్రర్ గుర్తు ప్యానెల్ మీద నా కళ్లముందే వస్తుంది, నేను చదివేసరికి క్యూ ఖాళీ. పరికరం పాడైందంటారా? (మహబూబ్‌నగర్)

జవాబు: పరికరం బాగుంది. మీ ల్యాబ్‌వ్యూ ప్రోగ్రామ్ ముందే చదివేసి ఉంటుంది, చాలా డ్రైవర్లు ప్రతి పని తర్వాత చడీచప్పుడు లేకుండా సిస్టమ్:ఎర్రర్? అడుగుతాయి. చదివితే పోయే సమాచారాన్ని ఇద్దరు చదవకూడదు. అంతకన్నా పెద్ద సమస్య, ఒకరు ప్రశ్న అడిగి జవాబు తీసుకోకముందే ఇంకొకరు ప్రశ్న అడిగితే మొదటి జవాబు గాలికి పోతుంది, పరికరం -410 రాసుకుంటుంది, ఈఎస్ఆర్‌లో 4 వేసుకుంటుంది. మీ క్యూలో -410లు దొరికితే ఇదే కారణం. మీ చెకర్ పట్టుకోవాల్సిన ఎర్రర్లను మీ చెకరే పుట్టిస్తోందేమో చూసుకోండి.

పరికరంతో మాట్లాడే పని ఒక్క ప్రోగ్రామ్‌కే ఇవ్వండి, మిగతావాళ్లు అది రాసిన ఫైల్‌నో డేటాబేస్‌నో చదువుకోవాలి. అది కుదరకపోతే కనీసం వీసాలో (పరికరాలతో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) లాక్ వాడండి. చెకర్‌కి *ఎస్‌టీబీ? వరకే పని ఇచ్చినా కొంత నయం, అది చదివినా ఏదీ తుడిచిపోదు. జీపీఐబీ మీద సీరియల్ పోల్ అని ఇంకో దారి ఉంది, పరికరం వేరే పనిలో ఉన్నా స్టేటస్ బైట్ ఇస్తుంది, కానీ అందులో 64 ఒకసారి పోల్ చేయగానే దిగిపోతుంది, *ఎస్‌టీబీ? లో వచ్చే 64 అలా దిగదు. ల్యాన్ మీద 5025 పోర్టు సాకెట్‌తో మాట్లాడేవాళ్లకు ఆ పోల్ సౌకర్యం ఉండదు, *ఎస్‌టీబీ? నే దిక్కు.

ప్రశ్న: మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ కొలుస్తున్నాను సార్, ఎలక్ట్రోడ్‌ని డేటా కార్డుకి కలిపి సెకనుకో రీడింగు. ప్రోగ్రామ్‌లో ఏ ఎర్రర్ వచ్చినా ఆగిపోకుండా 0 రాసి ముందుకు పోయేలా పెట్టాను. పద్ధతి బాగుందా? (నల్లగొండ నుంచి ఒక పీజీ విద్యార్థిని)

జవాబు: ఆగకుండా ఉండటం బాగుంది, 0 రాయడం అస్సలు బాగోలేదమ్మా. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్ల దారి లేనప్పుడు 1.5 దాకా పర్వాలేదని మన ప్రమాణం. మీ జిల్లాలో ఆ గీత ఎక్కడ పడుతుందన్నది ఎన్నో ఇళ్లలో ఎముకల నొప్పుల సంగతి. సెన్సార్ జవాబివ్వని సెకన్లన్నీ 0లై సగటులో కలిస్తే 1.8 ఉన్న బోరు 1.4గా కనిపిస్తుంది, ఎవరూ గుర్తుపట్టలేరు, ఎందుకంటే 0 కూడా నీళ్లలో ఉండదగ్గ విలువే. గడి ఖాళీగా వదలండి, పక్కన ఎర్రర్ కోడ్ రాయండి, ఎన్ని రీడింగుల మీద సగటు వేశారో కూడా రాయండి. పనిలో పనిగా, ఎలక్ట్రోడ్ 25 డిగ్రీల దగ్గర గాఢత పది రెట్లు మారితే సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి, వారానికోసారి రెండు తెలిసిన ద్రావణాలతో చూసుకోండి. ఎలక్ట్రోడ్ ముసలిదైపోతే ఏ రిజిస్టరూ చెప్పదు.

ప్రశ్న: హుజూర్‌నగర్ దగ్గర సిమెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని. ఆర్ఎస్-485 (ఒకే లైను మీద చాలా పరికరాలు) మీద మోడ్‌బస్ భాషలో మాట్లాడే టెంపరేచర్ స్కానర్లు. వాటికి *ఈఎస్ఆర్? లాంటివి ఏం లేవు. ఒక స్కానర్ నుంచి ఎప్పుడూ 83, 02 అని వస్తుంది, ఇంకోటి అప్పుడప్పుడు అసలు జవాబే ఇవ్వదు. రెండింటికీ కేబులే కారణమని మా సూపర్‌వైజర్ కొత్త కేబుల్ లాగిస్తున్నడు.

జవాబు: మొదటిదానికి కేబుల్ లాగించకండి, డబ్బు దండగ. 83, 02 వచ్చిందంటే మీ ప్రశ్న చెక్కుచెదరకుండా చేరింది, జవాబు కూడా చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. మోడ్‌బస్‌లో తప్పు చెప్పే పద్ధతి ఇది: మీరు పంపిన ఫంక్షన్ కోడ్‌కి పైబిట్ కలిపి (03 అయితే హెక్సాలో, అంటే 16 మూలంగా రాసే లెక్కలో, 83) వెనక్కి పంపి, పక్కన కారణం పెడుతుంది. 01 అంటే ఆ ఫంక్షన్ నాకు రాదు, 02 అంటే ఆ అడ్రస్ నా దగ్గర లేదు, 03 అంటే ఇచ్చిన విలువ కుదరదు, 04 అంటే నాలోనే ఏదో పాడైంది. మీది 02. మాన్యువల్‌లో 40001 అని ఉంటే వైరు మీద పంపాల్సిన అడ్రస్ 0, ఒకటి తేడా. చివరి రిజిస్టర్ కన్నా ఒకటి ఎక్కువ అడిగినా 02నే వస్తుంది, ఎనిమిది ఉంటే తొమ్మిది చదవమని ఉందేమో చూడండి. అది కాకపోతే 03 బదులు ఫంక్షన్ 04తో అడిగి చూడండి, కొన్ని స్కానర్లు రీడింగులను ఇన్‌పుట్ రిజిస్టర్లలోనే పెడతాయి.

రెండోదాని మీద సూపర్‌వైజర్ అనుమానంలో పస ఉంది. మోడ్‌బస్ పరికరానికి పాడైన సందేశం వస్తే, అంటే సందేశం చివర సరిచూడటానికి పెట్టే సీఆర్‌సీ లెక్క కుదరకపోతే, అది తప్పని కూడా చెప్పదు, మౌనంగా ఉంటుంది. మీకు కనిపించేది టైమౌట్ ఒక్కటే. కొత్త కేబుల్‌కి ముందు చూడాల్సినవి ఉన్నాయి: లైను రెండు చివరలా 120 ఓముల రెసిస్టర్లు ఉన్నాయా, మధ్యలో ఎవరైనా మూడోది పెట్టారా, షీల్డ్‌ని ఎన్నిచోట్ల ఎర్త్ చేశారు, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే యూనిట్) మోటారు కేబుళ్ల ట్రేలోనే ఇదీ పోతోందా. రెండు స్కానర్లకు ఒకే స్లేవ్ నంబరు (లైను మీద పరికరం అడ్రస్) ఉందేమో కూడా చూడండి. పారిటీ సెట్టింగు (పంపిన బిట్లను సరిచూసే పద్ధతి) తప్పయితే ఎప్పుడూ మాట్లాడదు, అప్పుడప్పుడు కాదు, కాబట్టి దాన్ని వదిలేయవచ్చు.

మోడ్‌బస్‌లో ఇలాంటి స్టేటస్ రిజిస్టర్లు లేవన్నారు గానీ పూర్తిగా లేకపోలేదు. ఫంక్షన్ 08 అని డయాగ్నస్టిక్స్ ఉంది, అన్ని స్కానర్లూ ఇవ్వవు, మీది ఇస్తే అదృష్టం. సబ్‌ఫంక్షన్ హెక్సాలో 0బీ అడిగితే లైను మీద ఆ స్కానర్ చూసిన సందేశాల లెక్క, 0సీ అడిగితే అందులో సీఆర్‌సీ తప్పినవి ఎన్నో చెప్తుంది. గంటకోసారి రెండూ రాసుకోండి. క్రషర్ మోటారు నడిచే గంటల్లోనే 0సీ ఎగబాకుతుంటే కేబుల్ దారి మార్చాలి, కొత్త కేబుల్‌ని అదే ట్రేలో వేస్తే అదే కథ. 0సీ కదలకుండా టైమౌట్లు మాత్రం వస్తుంటే వైరు జోలికే పోవద్దు, స్కానర్ జవాబు తయారుచేసుకునేలోపే మీ మాస్టర్ (ప్రశ్నలు అడిగే పరికరం) తొందరపడుతోంది, టైమౌట్‌ని 100 మిల్లీసెకన్ల నుంచి 500కి పెంచి ఒక షిఫ్ట్ నడిపి చూడండి.